తిరిగొచ్చిన టోపీలు

మీరు నా పని ఊడగొడుతున్నారు. "గౌరవనీయులైన" అంటూ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు కాబట్టి సూటిగా విషయానికొస్తున్నాను.

నిన్న మా బల్బుల ఫ్యాక్టరీకి మీ చిరునామాతో ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో బల్బులు లేవు. బల్బుల మీద ఉండే తెల్లటి ప్లాస్టిక్ డోములు మాత్రం పెట్టెనిండా ఉన్నాయి. కడిగి, తుడిచి, ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డపీలికలో చుట్టి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వరసగా పడుకోబెట్టారు. చీటీ లేదు. ఫిర్యాదు లేదు. ఒక్క ముక్క లేదు.

ఆ డోముల్ని బల్బులకి అతికించేది నేను. మా హాల్లో దాన్ని జిగురు బల్ల అంటారు. సూపర్‌వైజరు ఆ పెట్టె తెచ్చి అందరి ముందూ నా బల్ల మీద బోర్లించాడు. "నువ్వు అతికించినవి ఎలా ఊడొస్తున్నాయో చూడు. పాపం, ఎవరో ఓపిగ్గా ఏరి పంపించారు" అన్నాడు. ఒక డోము దొర్లుకుంటూ వెళ్ళి ప్యాకింగ్ వాళ్ళ కాళ్ళ దగ్గర ఆగింది. వాళ్ళు నవ్వారు. జిగురు ఎందుకు పట్టడం లేదో నెలాఖరులోగా తేల్చకపోతే ఆ బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తానని, నన్ను ఇంటికి పంపించేస్తానని చెప్పి వెళ్ళాడు.

ఆ పని నాకెవరూ నేర్పలేదు. నాకంటే ముందున్నాయన బల్ల ఖాళీ చేసి వెళ్తూ జిగురు తుపాకీ నా చేతికిచ్చి "నొక్కితే వస్తుంది" అన్నాడు. నాకు దక్కిన చదువంతా అదే. చెత్తబుట్టలో బల్బులు తెచ్చుకుని, పాడుచేసి, మళ్ళీ చేసి, జిగురు గీత ఎక్కడ మొదలైందో అక్కడే చేతిగాజులా గుండ్రంగా కలిసిపోయేదాకా చేత్తో నేర్చుకున్నాను. నా జిగురు ఊడదు. ఊడిందంటే మీరేదో చేశారన్నమాట.

ఏం చేశారో కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి. శనివారం దాటకూడదు.

జిగురు బల్ల

తా.క. ఆ గుడ్డపీలికలు బాగున్నాయి. తిరిగి పంపను.

*

శ్రీయుత బల్బుల కంపెనీ ఇంజినీరుగారికి,

మెట్లకింద టైలరు నమస్కరించి రాస్తున్నది. ఉభయకుశలోపరి అని రాయబోయాను గానీ, మీ ఉత్తరం వరస చూస్తే మీ వైపు కుశలం తక్కువగా ఉన్నట్టుంది. కనుక మా వైపు కుశలం మాత్రం తెలియజేస్తున్నాను.

ముందుగా నన్ను క్షమించాలి. ఆ టోపీలు ఫిర్యాదు కాదు సార్, మర్యాద. నేను బట్టలు కుట్టేవాణ్ణి. ఎవరైనా గుడ్డ ఇస్తే, చొక్కా కుట్టగా మిగిలిన ముక్క వేలెడంతైనా సరే, మడతపెట్టి చొక్కాతో పాటు ఇచ్చేస్తాను. మా గురువు నేర్పిన మొదటి పాఠం అదే, సూదిలో దారం ఎక్కించడం ఆ తరవాత. మీ బల్బుల్లో నాకు పనికొచ్చింది లోపలి దీపం. టోపీలు మిగిలాయి. మిగిలినవి ఎవరివి? ఇచ్చినవాళ్ళవి. మీ దగ్గర టోపీల్లేని బల్బులు ఎన్ని దిగాలుగా కూర్చున్నాయోనని పంపించాను.

దీపం ఎందుకంటారా? నా కొట్టు వీధికి దిగువన, మెట్ల కింద ఉంటుంది. కిటికీలోంచి జనాల పాదాలు మాత్రమే కనబడతాయి. బూట్లు చూసి మనిషిని చెప్పగలను. ఇదివరకు ఆ కిటికీలోంచి పొద్దున పూట కాస్త ఎండ దిగేది. దాని ముందు కుండీల్లో టమాటా, పుదీనా పెంచుకునేవాణ్ణి. ఎదురుగా పెద్ద భవనం లేచింది. ఎండ పోయింది. కొత్తగా మొలిచిన టమాటా నారు వెలుగు కోసం మెడలు సాచి సాచి, పాలిపోయి, కొలత తప్పిన చొక్కాచేతుల్లా వేలాడింది. చూడలేక వాటి మీద మీ బల్బు వేలాడదీశాను. కొంచెం తేరుకున్నాయి. ఆ తెల్లటోపీ వెలుగుని గదంతా పంచిపెడుతోంది కదా, గదికి ఆకలి లేదు, మొక్కకి ఉంది అనిపించింది. టోపీ తీశాను. వెలుగు సూటిగా ఆకుల మీద పడింది. వారం తిరక్కుండా కొత్త ఆకులు మందంగా, పచ్చగా వచ్చాయి సార్! అప్పట్నించీ కుండీకో బల్బు చొప్పున కొని, అన్నిటి టోపీలూ తీశాను.

ఇక మీరడిగిన మాట. వాటంతటవే ఊడాయా అన్నట్టు రాశారు. ఎంత మాట! బల్బుని హోల్డర్లోంచి తీసి, చల్లారాక, కుట్లు విప్పే కత్తితో అంచు వెంబడి జిగురుని వెంట్రుకవాసి చొప్పున కోసుకుంటూ వచ్చాను. మధ్యలో ఆపి కత్తికి సాన పట్టాల్సొచ్చింది. ఈ రోజుల్లో ఎవరి పని విప్పినా పోగు లాగితే చాలు, జారిపోతుంది. ఇంత నిజాయితీగా వేసిన కుట్టు నేను ఈ మధ్య చూడలేదు. ఆ జిగురు వేసినవాడెవడో చెయ్యి తిరిగినవాడు. వాడికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
విధేయుడు,
మెట్లకింద టైలరు

తా.క. మీ కోపానికి కారణం ఆలోచించాను. మొదటిసారి సరిగ్గా కడగలేదేమో. మిగతా టోపీలు ఈ ఉత్తరంతో పాటే వేరే పెట్టెలో పంపుతున్నాను. ఈసారి గుడ్డలు ఇస్త్రీ కూడా చేశాను.

ఇంకో తా.క. ఇది ఆయన భార్య రాస్తున్నది. వంటింట్లో బల్బు కూడా టమాటాల పాలైంది. నిన్న చీకట్లో ఉప్పనుకుని చక్కెర వేశాను. ఆయన తిని చాలా బాగుందన్నారు. ఈ మనిషితో ఎలా వేగాలో మీ కంపెనీవాళ్ళేమైనా చెప్పగలరా?

*

మళ్ళీ పంపారు!

నేను ఏడ్చింది దేనికి, మీరు ఓదార్చింది దేనికి? రెండో పెట్టె కూడా నేరుగా సూపర్‌వైజరు బల్ల మీదికే వెళ్ళింది. ఇస్త్రీ గుడ్డలు చూసి ఆయన ఇంకా మండిపడ్డాడు. "టోపీలు పెట్టేవాళ్ళని చూశాను గానీ ఇలా ఇస్త్రీ చేసి తిరిగిచ్చేవాణ్ణి చూడలేదు. నీ జిగురు మీద జాలిపడి పంపుతున్నట్టున్నాడు" అన్నాడు.

మీ ఉత్తరం చూపించాను. చదివాడు. డోము తీసుకుని అంచు చూశాడు. "ఇంత శుభ్రంగా ఎవరైనా కోస్తారా? రంపం పెడితే గీతలుండాలి, కత్తి పెడితే గాట్లుండాలి. ఏదీ లేదు. దానంతటదే ఊడింది. ఈ ఉత్తరం రాసింది మీ బాబాయా?" అని అడిగాడు. నాకు బాబాయిలు లేరని చెప్పాను. "అయితే మావయ్యా?" అన్నాడు.

కాబట్టి మీ తప్పేంటో ఇప్పుడు స్పష్టంగా రాస్తున్నాను. మీరు పని మరీ బాగా చేశారు. మీరు కాస్త మొరటు మనిషై ఉంటే నేను ఈపాటికి హాయిగా ఉండేదాన్ని. నిజం చెప్పాలంటే భోజనాల వేళ ఎవరూ చూడకుండా ఒక డోము కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. నా జిగురు గీత చుట్టూతా సగం డోముకి, సగం బల్బుకి వదిలేలా నిలువునా చీలి ఉంది. నేను కళ్ళప్పగించి చూశాను. తరవాత నాకు ఇంకా ఒళ్ళు మండింది. నా పని పోయేది దీనివల్లా అని.

ఇంకో సంగతి. నేను ఇంజినీర్ని కాను. సార్‌ని అసలే కాను. ఆ "చెయ్యి తిరిగినవాడు" ఎవడో కాదు, నేనే. ఆడపిల్లని. బల్ల మీద జిగురు మరకలు తప్ప నాకు పట్టాలేవీ లేవు.

ఇప్పుడు మీ మొక్కల గురించి. డోము ఉన్నది అందానికని అనుకున్నారా? అది చేతికి అడ్డం. అది తీసేస్తే లోపలి పలక మీద చిన్న చిన్న చుక్కల్లా కనబడే దీపాలూ, వాటికి కరెంటు పోయే దారీ బయటపడతాయి. వెలుగుతుండగా తడిచెయ్యి తగిలిందంటే మీకు షాక్ కొడుతుంది, అప్పుడు టోపీలు పంపేవాళ్ళు కూడా ఉండరు. నీళ్ళు పోసేముందు ప్లగ్గు పీకండి. స్విచ్చి కట్టేయడం కాదు, పీకడం. బల్బు మీద చుక్క నీరు పడకూడదు. మొక్కకీ బల్బుకీ మధ్య జానెడు దూరం ఉంచండి. బల్బు వెనకభాగం వేడెక్కుతుంది, దానికి గాలి ఆడనివ్వండి. రాత్రిళ్ళు ఆర్పేయండి, మొక్కలు కూడా పడుకుంటాయి. ఇంకా కావాలంటే, పనీపాటా లేనట్టుంది కదా, వాటి కొలతలు తీసుకుని తలో చొక్కా కుట్టి తొడగండి!

నాకు కావలసింది ఒక్కటే. ఒక బల్బు తీసుకుని డోముని మొరటుగా, అడ్డదిడ్డంగా, చూసిన ప్రతివాడూ "అయ్యో, ఎవడో పీకేశాడు" అనేలా పీకి పంపండి. బుధవారంలోగా నా చేతికి అందాలి. నెలాఖరు దగ్గరపడింది.

జిగురు బల్ల

తా.క. అమ్మగారికి: మా కంపెనీ దగ్గర దానికి మందు లేదు. ఉప్పు డబ్బా పెద్దది, చక్కెర డబ్బా చిన్నది పెట్టుకోండి.

*

చిరంజీవి జిగురు బల్ల అమ్మాయికి,

మెట్లకింద టైలరు ఆశీర్వదించి రాస్తున్నది. నిన్ను సార్ అని రాసినందుకు మా ఆవిడ నన్ను నిలబెట్టి కడిగేసింది. "అంత కోపంలోనూ గుడ్డపీలికలు బాగున్నాయని రాసింది, మగాడైతే అది గమనిస్తాడా?" అంది. నిజమే.

ముందు శుభవార్త. నువ్వు చెప్పినట్టే మొక్కలకి చొక్కాలు కుట్టాను.

కొలతలు తీయడం కాస్త కష్టమైంది, టమాటా కదలకుండా నిలబడదు. ఒక్కోదానికీ ఎందుకని కుండీలు పెట్టిన అలమర మొత్తానికి ఒకటే చొక్కా కుట్టాను. కోటు లోపల వేసే తళతళలాడే వెండిరంగు లైనింగు గుడ్డ ఉంది కదా, దాన్ని మెరుపు లోపలికి వచ్చేలా మూడు వైపులా తొడిగాను. ముందు గుండీలు పెట్టాను. పైన మెడ విశాలంగా వదిలాను, బల్బుకి గాలాడాలన్నావు కదా. తల్లీ, ఏం చెప్పమంటావు! పక్కలకి పోయి వృథా అయ్యే వెలుగంతా తిరిగొచ్చి ఆకుల అడుగున కూడా పడుతోంది. కింద కొమ్మలు కూడా లేచి నిలబడ్డాయి. ఒకదానికి పసుపు పువ్వు వచ్చింది. ఈ ఉపాయం నీకెలా తట్టింది? ఉత్తరంలో అంత తేలిగ్గా, విసుగ్గా రాసేశావే, గొప్పవాళ్ళంతా ఇంతేనేమో.

ప్లగ్గు సంగతి అక్షరాలా పాటిస్తున్నాం. నీళ్ళ చెంబు ప్లగ్గుకే తాడుతో కట్టాను. ప్లగ్గు పీకితే తప్ప చెంబు మొక్కల దాకా రాదు.

ఇక దుర్వార్త. నువ్వడిగిన పని చేయలేకపోయాను.

ప్రయత్నించకపోలేదు. కళ్ళు మూసుకుని కోశాను. చెయ్యి దానంతటదే అంచు పట్టుకుంది. ఎడమచేత్తో కోశాను. నిదానంగా వచ్చింది గానీ బాగానే వచ్చింది. కోపం తెచ్చుకుంటే మొరటుగా వస్తుందేమోనని, మా ఆవిణ్ణి నన్ను తిట్టమని అడిగాను. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. చాలాసేపు తిట్టింది. ఇన్నేళ్ళ అలవాటు కదా, నా చెయ్యి చలించలేదు.

చివరికి ఒకదానికి అంచున ఆవగింజంత గాటు పడింది. అదే పంపుతున్నాను. మీ సూపర్‌వైజరుకి చూపించు, ఇంకెవరికీ చూపించకు. పది మందికి తెలిస్తే నా పేరు పోతుంది.

అది చాలదని నాకూ తెలుసు. అందుకే దానితో పాటు నా కుట్లు విప్పే కత్తి పంపుతున్నాను. మా గురువు నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళలో ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. నేను చెప్తే ఆయన నమ్మలేదు. నా కత్తి చెబుతుందేమో చూడు. నా మర్యాద నీ అన్నం మీదికొచ్చిందన్న మాట తలుచుకుంటే సూది కదలడం లేదమ్మా.

ఆయన నన్ను నీ బాబాయి అనుకున్నాడన్నావు. నీకు బాబాయిలు లేరన్నావు. అభ్యంతరం లేకపోతే ఆ మాట దిద్దకు, అలాగే ఉండనీ.

ఇట్లు,
మెట్లకింద టైలరు

తా.క. సాయంత్రం పూట మొక్కలకి సరదాగా ఉంటుందని పడగ్గదిలోని పసుపు బల్బు కూడా పెట్టాను, సూర్యాస్తమయంలా. మంచిదేనా?

ఇంకో తా.క. ఆయన భార్య. ఇప్పుడు పడగ్గది కూడా చీకటే. నీ మాట ప్రకారం డబ్బాలు మార్చాను. ఏ డబ్బా ఎందులోకి మార్చానో మర్చిపోయాను. తిట్టమన్న రోజు మాత్రం చాలా బాగా గడిచింది తల్లీ, అందుకు నీకు రుణపడి ఉంటాను.

*

వెక్కిరింతకి రాసిన మాట పట్టుకుని అలమరకి చొక్కా కుట్టి నన్ను మూర్ఖురాల్ని చేశారు. ముందు ఈ అన్యాయం సంగతి తేలాలి.

నేను కోపంతో రాశాను. మీరు దాన్ని సలహా అనుకున్నారు. అది నిజంగానే పనిచేసింది! బల్బుల దగ్గర ఇన్నాళ్ళుగా పనిచేస్తున్నాను, పక్కలకి పోయే వెలుగుని మెరుపుగుడ్డతో వెనక్కి తిప్పొచ్చని నాకు తట్టలేదు. అది మీ ఉపాయం, నాది కాదు. మళ్ళీ నా పేరు ఎత్తితే ఊరుకోను. ఆ గుడ్డ మాత్రం బల్బుకి తగలకుండా బెత్తెడు దూరంలో ఉండాలి, వేడికి అంటుకుంటే చొక్కా, కొట్టు రెండూ పోతాయి. పసుపు బల్బు తీసేసి పడగ్గదికి తిరిగివ్వండి. నారుకి తెల్లవెలుగు చాలు, సూర్యాస్తమయాలు అక్కర్లేదు.

ఇప్పుడు జరిగింది వినండి.

మీ కొత్త ఉత్తరమూ, మీ ఆవగింజ గాటూ సూపర్‌వైజరుకి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని "ఎక్కడ?" అన్నాడు. అంత ఘోరంగా పాడుచేశారన్నమాట మీరు.

నేను అప్పుడే జిగురు ఆరిన బల్బొకటీ, మీ కత్తీ ఆయన ముందు పెట్టాను. "దానంతటదే ఊడుతుంది కదా సార్, ఊడదీయండి" అన్నాను. హాలంతా చేతిలో పని ఆపేసింది.

ఆయన ముందు వేళ్ళతో తిప్పాడు. తరవాత కత్తి పెట్టాడు. ముఖం ఎర్రబడింది. మెషీన్లు బాగుచేసేవాడు "ఇలా ఇవ్వండి సార్" అని పట్టకారు తెచ్చాడు. డోము ఫట్‌మని ముక్కలైంది. అయినా జిగురున్న చోట డోము అంచు మాత్రం ఉంగరంలా బల్బుని పట్టుకునే ఉంది. ఇంకో బల్బు తెచ్చారు. అదీ అంతే. ప్యాకింగ్ వాళ్ళు వరస కట్టారు. ఒకడు పళ్ళతో ప్రయత్నించబోతే నేనే ఆపాను. బల్ల నిండా ముక్కలు. ఒక్క ఉంగరం కూడా కదల్లేదు.

సూపర్‌వైజరు కుర్చీలాక్కుని కూర్చున్నాడు. ఒక చేతిలో ఉంగరం మిగిలిన బల్బు, రెండో చేతిలో మీరు పంపిన డోము. దాని అంచు మీద బొటనవేలు చుట్టూ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. అందరూ వింటుండగా "తప్పు నాది. ఇంత గట్టిగా అతికించిందా ఈ పిల్ల!" అన్నాడు. తరవాత "దీన్ని ఇంత నున్నగా విప్పాడా ఆ మనిషి!" అన్నాడు. రెండో మాటే ఎక్కువ గౌరవంగా అన్నాడు, నేను గమనించాను, నాకు కోపం రాలేదు.

నా బల్ల నాకే ఉంది.

అంతటితో ఊరుకోలేదు ఆయన. లోపల చిన్న లోపమున్న బల్బులు మా దగ్గర రోజూ చెత్తలో పోతాయి. డోము పగలకుండా తీయడం ఎవరివల్లా కాదు కాబట్టి బాగుచేయరు. "జిగురు బల్ల పక్కన విప్పే బల్ల వేద్దాం. ముందు నువ్వు నేర్చుకో, తరవాత మిగతావాళ్ళకి నేర్పు" అన్నాడు. ఇన్నాళ్ళూ ఊడకుండా ఎలా అతికించాలా అని చచ్చాను. ఇప్పుడు నా జిగురుని నేనే విప్పాలట. మీ కత్తితో ఆ రోజే మొదలుపెట్టాను. ఇప్పటిదాకా నేను విప్పినవన్నీ చూస్తే ఎవరైనా "అయ్యో, ఎవడో పీకేశాడు" అంటారు. మీకు చేతకాని పని నాకు ఎంత బాగా వస్తోందో!

కాబట్టి మీరు రావాలి. కత్తి తిరిగి పంపను, వచ్చి తీసుకోండి. రావడం, విప్పి చూపించడం, నా చెయ్యి పట్టుకుని నేర్పడం, అన్నీ అయ్యాకే కత్తి. గేటు దగ్గర కాపలా అతను ఎవరు కావాలని అడిగితే జిగురు బల్ల అమ్మాయి బాబాయినని చెప్పండి. మీరు రాసినప్పట్నించీ ఆ మాట నేను మళ్ళీ దిద్దలేదు. దిద్దను.

ఈ ఉత్తరంతో పాటు ఒక పెట్టె పంపుతున్నాను. అందులో సూపర్‌వైజరు పగలగొట్టిన డోము ముక్కలున్నాయి, మీ గుడ్డపీలికల్లోనే చుట్టాను. మిగిలినవి తిరిగివ్వాలి కదా.

ఇట్లు,
మీ జిగురు బల్ల

తా.క. సూపర్‌వైజరు గదికి కిటికీ లేదు. అక్కడో కుండీలో తీగమొక్క చాలాకాలంగా చావలేక బతుకుతోంది. ఇవాళ తలుపు సందులోంచి చూశాను. దాని మీద పగిలిన డోము బల్బొకటి వేలాడుతోంది. చుట్టూ ఆయన కోటు లైనింగు మొక్కవైపు తిప్పి కప్పి ఉంది. అలమర చొక్కా సంగతి రాసిన మీ ఉత్తరం ఇంకా ఆయన దగ్గరే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకో తా.క. పిన్నిగారికి: పెట్టెలో అడుగున, దూది మధ్య కొత్త బల్బొకటి ఉంది. అది వంటింటిది. జిగురు మామూలుగా ఒక వరస వేస్తాను, దీనికి మాత్రం వరస మీద వరస వేసి, నాకు తెలిసిన విద్యంతా పెట్టి అతికించాను. దీన్ని బాబాయి కూడా విప్పలేరు. విప్పలేరని ఆయనకి వినబడేలా చదవండి. తరవాత గమనిస్తూ ఉండండి. శుక్రవారంలోగా ఆ బల్బు టోపీతో ఉందో, టోపీ లేకుండా ఉందో నాకు ఉత్తరం రావాలి.